ఆన్ చేస్తే డిస్‌ప్లే రాని డెస్క్‌టాప్: లోపం ఎక్కడుందో మీరే పట్టుకోండి

"అన్నా, సిస్టం ఆన్ కాలేదు." తిరుపతిలో ఏ డీటీపీ షాపు నుంచి ఫోన్ వచ్చినా మొదట వినబడేది ఇదే. ఈ ఒక్క మాటతో ఎవరూ ఏమీ తేల్చలేరు. స్విచ్ వేసినా అసలు చలనమే లేదా? ఫ్యాను ఒక చుట్టు తిరిగి ఆగిపోయిందా? ఫ్యాన్లన్నీ తిరుగుతున్నా స్క్రీను నల్లగానే ఉందా? లోగో దాకా వచ్చి అక్కడే నిలబడిపోయిందా? ఈ నాలుగూ నాలుగు వేరు వేరు లోపాలు. ఒకదానికి వెతకాల్సిన చోట ఇంకోదానికి వెతికితే పూటంతా పోతుంది, కొన్నిసార్లు బాగున్న పార్టుకు కూడా డబ్బులు కట్టాల్సి వస్తుంది.

దర్శనం టికెట్లు విడుదలయ్యే రోజు పొద్దున నెట్ సెంటర్‌లో సిస్టం మొరాయిస్తే, కౌన్సెలింగ్ ఆప్షన్లు పెట్టుకునే ఆఖరి రోజు ఇంట్లో డిస్‌ప్లే రాకపోతే, ఆ టెన్షన్‌లో "బోర్డు పోయింది" (అంటే పార్టులన్నీ తగిలించే మదర్‌బోర్డు) అని ఎవరు చెప్పినా నమ్మేస్తాం. బోర్డులు పోవని కాదు. కానీ మిగతావన్నీ చూసిన తర్వాత రావాల్సిన మాట అది. అంతవరకు ఇంట్లోనే ఏమేం చూసుకోవచ్చో వరసగా చెబుతాను.

బటన్ నొక్కాక లోపల ఏం జరుగుతుంది

ఇది ముందు తెలిస్తే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. క్యాబినెట్ ముందున్న బటన్ కరెంటును నేరుగా కలపదు, బోర్డుకు చిన్న సంకేతం ఇస్తుందంతే. ప్లగ్ పెట్టి, స్విచ్ వేసి ఉన్నంతసేపూ ఎస్ఎంపీఎస్ (క్యాబినెట్ లోపలి పవర్ సప్లై డబ్బా) నుంచి 5 వోల్టుల స్టాండ్‌బై కరెంటు బోర్డుకు అందుతూనే ఉంటుంది. బటన్ నొక్కగానే బోర్డు ఎస్ఎంపీఎస్‌ను పూర్తిగా ఆన్ చేస్తుంది. 12, 5, 3.3 వోల్టులు నిలకడగా వచ్చాయని చూసుకుని, అర సెకను లోపే ఎస్ఎంపీఎస్ "పవర్ గుడ్" అనే సంకేతం పంపుతుంది. అది అందిన తర్వాతే ప్రాసెసర్ పని మొదలుపెడుతుంది. బయోస్ చిప్‌లో ఉండే, సిస్టంను మొదట లేపే ప్రోగ్రామ్ చదివి ముందు ర్యామ్‌ను (మెమరీ), తర్వాత స్క్రీనుకు బొమ్మ పంపే గ్రాఫిక్స్‌ను, ఆ పైన కీబోర్డును, డిస్కులను పరీక్షిస్తుంది. ఈ పరీక్ష పేరే పోస్ట్. అన్నీ సరిపోతే డిస్కులోని విండోస్ లోడవడం మొదలవుతుంది.

కాబట్టి ముందు తేల్చుకోవాల్సింది ఒకటే: ఈ వరసలో ఎక్కడ ఆగింది? అది తెలిస్తే చూడాల్సిన పార్టులు రెండు మూడుకు తగ్గిపోతాయి.

విప్పే ముందు

స్టార్ స్క్రూడ్రైవర్, ఫోన్ టార్చ్, మెత్తటి బ్రష్, చవకదైనా సరే ఒక డిజిటల్ మల్టీమీటర్, కొత్త సీఆర్2032 బటన్ సెల్, బోర్డుకు తగిలించే చిన్న బజర్ స్పీకర్ ఉంటే చాలు. ఈ బజర్‌ను చాలామంది పట్టించుకోరు. ఇప్పటి క్యాబినెట్లలో చాలావాటికి అది రావడమే లేదు. కానీ స్క్రీను రానప్పుడు బోర్డు మనతో మాట్లాడగలిగేది దాని ద్వారానే. ఎలక్ట్రానిక్స్ షాపులో చాలా తక్కువ ధరకే దొరుకుతుంది, తెచ్చిపెట్టుకోండి.

స్విచ్ ఆపడంతో సరిపెట్టుకోకుండా ప్లగ్ పూర్తిగా పీకేయండి. ఆ తర్వాత పవర్ బటన్‌ను పది పదిహేను సెకన్లు నొక్కి పట్టుకుంటే బోర్డులో మిగిలిన ఛార్జ్ పోతుంది. ఏ వైరు తీసినా ముందు ఫోన్‌తో ఫోటో తీసుకోండి.

ఎస్ఎంపీఎస్ డబ్బాను మాత్రం విప్పొద్దు. 230 వోల్టుల కరెంటు అందులో డీసీగా మారేటప్పుడు 325 వోల్టుల దాకా వెళ్తుంది. ప్లగ్ తీసేశాక కూడా కెపాసిటర్లలో ఆ ఛార్జ్ కొంతసేపు నిలిచి ఉంటుంది. జాలీలోంచి లోపల చచ్చిన బల్లి కనిపించినా సరే, మన ఊళ్లలో అది కొత్తేమీ కాదు, ఆ ఎస్ఎంపీఎస్‌ను పక్కన పెట్టి వేరేది తగిలించడమే మంచిది.

ఇంకొకటి. క్యాబినెట్ ఇనుప భాగం ముట్టుకుంటే చేయి జివ్వుమంటోందా? అలాగైతే మీ సాకెట్‌లో మూడో పిన్నుకు ఎర్తింగ్ లేకపోవచ్చు. ఎస్ఎంపీఎస్ లోపలి ఫిల్టర్ కెపాసిటర్ల వల్ల కొద్దిపాటి కరెంటు ఎప్పుడూ బాడీకి వస్తూనే ఉంటుంది. ఎర్త్ ఉంటే అది భూమిలోకి పోతుంది, లేకపోతే మన చేతికి తగులుతుంది. పాత ఇళ్లలో, అద్దె షాపుల్లో ఇది మామూలైపోయింది, కానీ వదిలేయాల్సిన విషయం కాదు. కంప్యూటర్ సంగతి తర్వాత, ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

మొదటి రకం: ఏ చలనమూ లేదు

యూపీఎస్, స్పైక్ గార్డ్, ఎక్స్‌టెన్షన్ బాక్స్ అన్నీ పక్కన పెట్టి, బాగా పనిచేస్తున్న గోడ సాకెట్‌కు క్యాబినెట్‌ను నేరుగా తగిలించండి. యూపీఎస్ లైటు వెలిగినంత మాత్రాన లోపలి బ్యాటరీ బాగున్నట్టు కాదు. పాత బ్యాటరీ ఉన్న యూపీఎస్ లోడు పడగానే ట్రిప్ అవుతుంది. పవర్ కార్డ్ కూడా మార్చి చూడండి. మల్టీమీటర్‌తో సాకెట్‌లో వోల్టేజీ చూస్తే 230కి అటూ ఇటూగా ఉండాలి. మరీ తక్కువ చూపిస్తూ ఇంట్లో లైట్లు కూడా డల్‌గా వెలుగుతుంటే 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వండి. ఎస్ఎంపీఎస్ వెనక చిన్న స్విచ్ ఉంటే అది ఆన్‌లో ఉందా చూడండి. పాతవాటిలో 115, 230 అని రాసిన ఎర్ర స్విచ్ ఒకటి ఉంటుంది. అది ఎప్పుడూ 230 వైపే ఉండాలి. 115కు జరిపి కరెంటు ఇస్తే ఎస్ఎంపీఎస్ పేలిపోతుంది.

ఇప్పుడు సైడు డోరు తీసి చూడండి. ప్లగ్ పెట్టగానే చాలా బోర్డులపై ఒక చిన్న లైటు వెలుగుతుంది. అది వెలిగితే స్టాండ్‌బై కరెంటు వస్తోందని అర్థం, అప్పుడు అనుమానం ముందున్న బటన్ మీదికి పోతుంది. ఏళ్ల తరబడి నొక్కి నొక్కి లోపలి స్విచ్ అరిగిపోతుంది. బోర్డు అంచున ముందు ప్యానెల్ వైర్లు తగిలించే చోట "పవర్ స్విచ్" అని గుర్తున్న రెండు పిన్నులుంటాయి. వాటి మీది వైరు పీకి, స్క్రూడ్రైవర్ కొనను ఆ రెండు పిన్నులకూ ఒక్క క్షణం తాకించండి. సిస్టం ఆన్ అయితే పోయింది బటన్ ఒక్కటే. కొత్త బటన్ వచ్చేదాకా రీసెట్ బటన్ వైరును ఆ పిన్నులకు తగిలించుకుంటే పని నడిచిపోతుంది.

అప్పటికీ రాకపోతే ఎస్ఎంపీఎస్ పరీక్ష. ప్లగ్ తీసి, 24 పిన్నుల పెద్ద కనెక్టరును బోర్డు నుంచి ఊడదీయండి. ఆకుపచ్చ వైరు ఒకటే ఉంటుంది. దాన్నీ పక్కనున్న ఏదో ఒక నల్ల వైరునూ వంచిన పేపర్ క్లిప్‌తో కలిపి, చేయి తీసేసి, అప్పుడు ప్లగ్ పెట్టండి. ఫ్యాను తిరిగితే ఎస్ఎంపీఎస్‌లో ప్రాణం ఉంది. అయితే ఫ్యాను తిరగడమే సర్టిఫికెట్ కాదు, మల్టీమీటర్‌తో కూడా కొలవండి. పసుపు వైరులో 11.4 నుంచి 12.6, ఎరుపులో 4.75 నుంచి 5.25, నారింజలో 3.14 నుంచి 3.47 వోల్టుల మధ్య ఉండాలి. ఊదా రంగుది స్టాండ్‌బై, అందులో 5 వోల్టులు రావాలి. ఈ లెక్కలన్నీ సరిపోయినా లోడు పడినప్పుడు కూలబడే ఎస్ఎంపీఎస్‌లు ఉంటాయి. అందుకే అనుమానం తీరకపోతే బాగున్న ఇంకో ఎస్ఎంపీఎస్ తగిలించి చూడటమే పక్కా పరీక్ష. కేబుళ్లన్నీ నల్లగా ఉన్న కొత్త రకానికీ, కనెక్టరు ఆకారమే వేరుగా ఉన్న డెల్, హెచ్‌పీ, లెనోవో మోడళ్లకూ ఈ క్లిప్ పరీక్ష పెట్టకండి.

రెండో రకం: ఒక్క చుట్టు తిరిగి ఆగిపోతుంది

ఎక్కడో షార్ట్ అవుతోంది, ఎస్ఎంపీఎస్ తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతోంది. కీబోర్డు, మౌస్, ప్రింటర్, పెన్‌డ్రైవ్‌లతో సహా బయటి వైర్లన్నీ పీకండి. తర్వాత క్యాబినెట్ ముందున్న యూఎస్‌బీ పోర్టులకు టార్చ్ కొట్టి చూడండి. నెట్ సెంటర్లలో, జిరాక్స్ షాపుల్లో రోజంతా పెన్‌డ్రైవ్‌లు గుచ్చి పీకే పోర్టులివి. లోపలి నల్ల ప్లాస్టిక్ నాలుక విరిగి, నాలుగు పిన్నులూ వంగి ఒకదానికొకటి తాకుతుంటాయి. కొన్ని బోర్డులు యూఎస్‌బీలో ఓవర్ కరెంట్ అని స్క్రీను మీద చూపించి 15 సెకన్లలో ఆగిపోతాయి. బోర్డు దగ్గర ఆ ముందు పోర్టుల కేబుల్ పీకేస్తే చాలు, సిస్టం మామూలుగా ఆన్ అవుతుంది.

అదీ కాకపోతే డిస్కుల పవర్ వైర్లు, గ్రాఫిక్స్ కార్డు ఒక్కొక్కటీ తీసి చూస్తూ పోండి. ప్రతిసారీ ఒక్కటే మార్చాలి. ఏది తీస్తే ఏమైందో కాగితం మీద రాసుకోండి. రెండు పార్టులు ఒకేసారి మార్చి సిస్టం వచ్చేస్తే, ఏది చెడిందో మీకెప్పటికీ తెలియదు.

కొన్ని సెకన్లు నడిచి ఆగితే ప్రాసెసర్ వేడిని చూడాలి. ఇంటెల్‌తో వచ్చే కూలర్‌కు నాలుగు మూలలా ప్లాస్టిక్ పిన్నులుంటాయి. ఒక్కటి పైకి లేచినా హీట్ సింక్ (వేడిని లాగే లోహపు దిమ్మె) ఒక పక్కకు వాలి ప్రాసెసర్‌ను సరిగ్గా తాకదు. ఏప్రిల్, మే నెలల్లో మన గదుల్లోని వేడికి ఇది ఇంకాస్త తొందరగా బయటపడుతుంది. చిత్తూరు వైపు గ్రానైట్ యూనిట్ల ఆఫీసుల్లో రాతి పొడి, నగరి పవర్‌లూమ్ షెడ్ల పక్క గదుల్లో నూలు పీచు, షాపుల్లో పొద్దున పూట వేసే సాంబ్రాణి పొగ, ఇవన్నీ ఫ్యాను రెక్కలకూ హీట్ సింక్ సందులకూ పట్టి గాలి ఆడనివ్వవు. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాను తిరగకుండా వేలితో పట్టుకోండి. కూలర్ విప్పితే ప్రాసెసర్ మీది పాత థర్మల్ పేస్ట్ (వేడిని హీట్ సింక్‌కు చేరవేసేది) పూర్తిగా తుడిచి కొత్తది పెట్టాలి, బఠాణీ గింజంత చాలు.

మూడో రకం: ఫ్యాన్లు తిరుగుతాయి, డిస్‌ప్లే రాదు

అన్నిటికంటే ఎక్కువగా కనిపించేదీ, అన్నిటికంటే ఎక్కువగా తప్పు తీర్పులు వచ్చేదీ ఇదే. తీరిగ్గా చూడండి.

మొట్టమొదట కీబోర్డులో క్యాప్స్ లాక్ నొక్కండి. నొక్కినప్పుడల్లా లైటు వెలిగి ఆరుతుంటే సిస్టం లోపల మామూలుగానే నడుస్తోంది, బొమ్మ మాత్రమే మీ దాకా రావడం లేదు. అప్పుడు మానిటర్ వైరు, మానిటర్‌లో ఎంచుకున్న ఇన్‌పుట్ చూసుకోవాలి. విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉంటే మానిటర్ వైరు ఆ కార్డుకే తగిలించాలి, పైనున్న బోర్డు పోర్టుకు కాదు. ఐ5-12400ఎఫ్ లాగా ఇంటెల్ నంబరు చివర ఎఫ్ ఉంటే ఆ ప్రాసెసర్‌కు సొంత గ్రాఫిక్స్ ఉండదు, బోర్డు పోర్టులో ఎంతసేపు పెట్టినా ఏమీ రాదు. రైజెన్ 5 5600ఎక్స్ లాంటివీ అంతే.

క్యాప్స్ లాక్ స్పందించకపోతే బోర్డు ఏం చెబుతోందో చూడాలి. కొంచెం మంచి బోర్డుల్లో ఒక మూలన నాలుగు చిన్న లైట్లుంటాయి, పక్కన సీపీయూ (ప్రాసెసర్), డీర్యామ్ (ర్యామ్), వీజీఏ (గ్రాఫిక్స్), బూట్ (డిస్కు) అని రాసి ఉంటుంది. ఆన్ చేయగానే ఒకదాని తర్వాత ఒకటి వెలిగి ఆరిపోవాలి. ఏది ఆరకుండా నిలిచిపోతే పరీక్ష అక్కడ ఆగినట్టు. లైట్లు లేని బోర్డుకు బజర్ పెట్టండి. అవార్డ్ బయోస్‌లో ఒక పొడుగు, రెండు పొట్టి బీప్‌లంటే గ్రాఫిక్స్ లోపం, ఆగకుండా పొడుగు బీప్‌లు వస్తుంటే ర్యామ్. ఏఎమ్ఐ బయోస్‌లో మూడు పొట్టి బీప్‌లు ర్యామ్ వైపు చూపిస్తాయి. కంపెనీని బట్టి ఇవి మారతాయి కాబట్టి మీ బోర్డు మాన్యువల్‌తో సరిచూసుకోండి.

సెకండ్ హ్యాండ్‌లో కొన్న డెల్ ఆప్టిప్లెక్స్‌లు మన షాపుల్లో చాలా ఉన్నాయి. వాటికి బజర్ అక్కర్లేదు. ఇటీవలి మోడళ్లలో పవర్ బటనే నారింజ, తెలుపు రంగుల్లో మినుకుమినుకుమంటుంది. నారింజ రెండుసార్లు, తెలుపు మూడుసార్లు అయితే ర్యామ్ కనిపించలేదని. రెండు, నాలుగు అయితే ర్యామ్‌లోనే లోపం. మూడు, ఒకటి అయితే సీమాస్ బ్యాటరీ, అంటే బోర్డు మీది బటన్ సెల్. ఫోన్‌లో వీడియో తీసి నెమ్మదిగా లెక్కపెట్టండి.

ఇక ర్యామ్. నవంబరు వానల తర్వాత, పది రోజులు మూసిన షాపు తెరిచాక, సిస్టం ఆటోలో ఇల్లు మారిన రోజున డిస్‌ప్లే రాకపోతే ముందు ఇక్కడే చూడండి. ప్లగ్ తీసి, స్లాటు చివర క్లిప్ తెరిచి, ర్యామ్‌ను రెండు అంచులా పట్టుకుని నిటారుగా పైకి తీయండి. కింది అంచున బంగారు రంగు కాంటాక్టులు వరసగా కనిపిస్తాయి. టార్చ్ వెలుతురులో ఏటవాలుగా చూస్తే కొన్ని మెరవకుండా మసకగా, నల్లగా ఉంటాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన మెత్తటి గుడ్డతో ఒక్కసారి తుడవడం అన్నిటికంటే మంచిది. అది లేకపోతే స్కూలు పిల్లల తెల్ల రబ్బరుతో, బోర్డుకు దూరంగా కూర్చుని, మెల్లగా రుద్ది, పొడి అంతా బ్రష్‌తో దులిపేయండి. గట్టిగా రుద్దితే బంగారు పూత లేచిపోతుంది. స్లాటులోకి నోటితో ఊదకండి, తేమ చేరుతుంది.

తిరిగి పెట్టేటప్పుడు ర్యామ్ అంచులోని గాటు స్లాటులోని దిమ్మెకు సరిగ్గా ఎదురుగా ఉండాలి. రెండు బొటనవేళ్లతో ఒక చివర, తర్వాత ఇంకో చివర నొక్కితే టక్‌మని శబ్దం వచ్చి క్లిప్ దానంతటదే మూసుకోవాలి. కొన్ని బోర్డుల్లో ఒక వైపే క్లిప్ ఉంటుంది. అక్కడ రెండో చివర సరిగ్గా దిగకుండానే దిగినట్టు కనిపిస్తుంది, పక్క నుంచి చూసి బంగారు అంచు సమంగా మునిగిందో లేదో చూడండి. రెండు ర్యామ్‌లుంటే ఒక్కదాన్నే పెట్టి చూడండి. నాలుగు స్లాట్ల బోర్డయితే ఎక్కువగా ప్రాసెసర్ వైపు నుంచి రెండో స్లాటులో పెట్టాలి. ఆ ర్యామ్‌తో రాకపోతే రెండోది. ఏ స్లాటులో ఏది పెడితే ఏమైందో రాసుకుంటే చెడింది ర్యామా, స్లాటా అన్నది తేలిపోతుంది. కొత్త డీడీఆర్5 బోర్డుల్లో ర్యామ్ మార్చాక మొదటిసారి కొన్ని నిమిషాలు స్క్రీను నల్లగానే ఉండొచ్చు. బోర్డు ఆ ర్యామ్‌కు సర్దుకుంటోంది, మధ్యలో కరెంటు తీసేయకండి.

ర్యామ్ బాగానే ఉందనిపిస్తే ప్రాసెసర్ దగ్గరుండే నాలుగు లేదా ఎనిమిది పిన్నుల 12 వోల్టుల కనెక్టరు చూడండి. శుభ్రం చేసి తిరిగి బిగించినప్పుడు తరచూ మరిచిపోయేది ఇదే. ఇది లేకపోయినా చాలా బోర్డుల్లో ఫ్యాన్లు తిరుగుతాయి, ప్రాసెసర్‌కు మాత్రం కరెంటు ఉండదు. తర్వాత సీమాస్ రీసెట్, అంటే బయోస్ సెట్టింగులను మొదటికి తేవడం. ప్లగ్ తీసి, బటన్ సెల్ ఊడదీసి ఐదు నిమిషాలాగి పెట్టండి. 3 వోల్టుల సెల్ అది, మల్టీమీటర్‌లో 2.8కి దిగువన చూపిస్తే కొత్తది వేయండి. గ్రాఫిక్స్ కార్డు ఉండి, ప్రాసెసర్‌కు సొంత గ్రాఫిక్స్ కూడా ఉంటే కార్డు తీసేసి బోర్డు పోర్టుతో ప్రయత్నించండి.

ఇంకా రాకపోతే బోర్డును క్యాబినెట్ నుంచి బయటికి తీసి, అట్టపెట్టె మీద పెట్టి, ప్రాసెసర్, కూలర్, ఎస్ఎంపీఎస్, బజర్ మాత్రమే తగిలించండి. ర్యామ్ ఒక్కటి కూడా వద్దు. ఇప్పుడు ఆన్ చేస్తే ర్యామ్ లేదని బీప్ వచ్చిందా? అలాగైతే ప్రాసెసర్, బయోస్ పనిచేస్తున్నాయి. బోర్డు ప్రాణంతోనే ఉంది. ఒక్క బీప్ కూడా రాకపోతే, ఇంకో ఎస్ఎంపీఎస్‌తోనూ అంతే అయితే, అప్పుడు బోర్డునో ప్రాసెసర్‌నో అనుమానించవచ్చు. ప్రాసెసర్ చుట్టూ ఉండే గుండ్రటి కెపాసిటర్ల తలలు చూడండి. పైభాగం చదునుగా ఉండాలి. ఉబ్బినా, గోధుమ రంగు జిగురు కారినా బోర్డు పాడైనట్టే. మొదటిసారి ఆన్ కాక, నాలుగైదు సార్లు నొక్కితే వచ్చే సిస్టంలలో కూడా చాలాసార్లు బోర్డులోనో ఎస్ఎంపీఎస్‌లోనో ఇలా ముసలిదైన కెపాసిటరే ఉంటుంది.

నాలుగో రకం: లోగో వచ్చి ఆగిపోతుంది

ఇక్కడ పని తేలిక, ఎందుకంటే స్క్రీను మీద అక్షరాలు కనిపిస్తాయి. ఫోటో తీసుకోండి. ఎఫ్1 నొక్కమని అడుగుతూ, తేదీ ఏళ్ల వెనక్కి పోయి ఉంటే బటన్ సెల్ మార్చండి. తేదీ తప్పుగా ఉంటే బ్యాంకు సైట్లు, ప్రభుత్వ సైట్లు కూడా తెరుచుకోవు. సీపీయూ ఫ్యాన్ ఎర్రర్ అంటే ఫ్యాను తిరుగుతోందా, దాని వైరు సరైన పిన్నులకే ఉందా చూడండి.

బూట్ డివైస్ లేదని చెబితే ముందు పెన్‌డ్రైవ్‌లన్నీ తీసేసి మళ్లీ ఆన్ చేయండి. అప్పటికీ అదే మాటైతే బయోస్‌లోకి వెళ్లి డిస్కు పేరు కనిపిస్తోందా చూడండి. పేరు ఉంటే బూట్ వరస మారి ఉండొచ్చు, లేదా విండోస్ చెడి ఉండొచ్చు. పేరే లేకపోతే డిస్కును బోర్డుకు కలిపే సాటా కేబుల్ మార్చి, బోర్డులో ఇంకో పోర్టుకు తగిలించండి. హార్డ్ డిస్కు టిక్ టిక్ మని కొట్టుకుంటుంటే, లేదా స్మార్ట్ స్టేటస్ బ్యాడ్ అని (డిస్కు తన ఆరోగ్యం బాగాలేదని చెప్పే హెచ్చరిక) వస్తే, ఇక దాన్ని పదే పదే ఆన్ చేయకండి, రిపేరు ప్రోగ్రాములు నడపకండి. నడిచే ప్రతి నిమిషం డేటా తగ్గిపోవచ్చు. ట్యాలీ లెక్కలు, పెళ్లి ఫోటోలు, కస్టమర్ల ఫైళ్లు ముందు బయటికి తీయించుకోవాలి.

ఒకరోజు బాగుండి ఇంకోరోజు ఆగిపోయే సిస్టంకు ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్రోగ్రామును పెన్‌డ్రైవ్‌లో పెట్టి రాత్రంతా నడపండి. ఒక్క ఎర్రర్ వచ్చినా ర్యామ్‌లను విడివిడిగా పరీక్షించి, చెడ్డదాన్ని మార్చాల్సిందే.

షాపుకు తీసుకెళ్లే ముందు

"ఫ్యాను తిరగతా ఉందన్నా, స్క్రీనే రాలేదు" అని చెప్పి వదిలేయకుండా, మీరు రాసుకున్న కాగితం చేతికివ్వండి. ఎస్ఎంపీఎస్ కొలతలు, ఏ ర్యామ్ ఏ స్లాటులో ఏం చేసింది, ఎన్ని బీప్‌లు వచ్చాయి, ఈ మూడూ ఉంటే మంచి మెకానిక్‌కు సగం పని తగ్గుతుంది. బోర్డు మార్చాలని చెబితే, వేరే ఎస్ఎంపీఎస్, వేరే ర్యామ్‌తో మీ ఎదురుగా ఒకసారి ఆన్ చేసి చూపించమని అడగండి. అడగడంలో తప్పేమీ లేదు. ర్యామ్, డిస్కు, ప్రాసెసర్ సీరియల్ నంబర్ల ఫోటోలు ముందే తీసి ఉంచుకోండి. పాత బిల్లు కూడా వెతకండి. బాక్సులో వచ్చే ఇంటెల్ ప్రాసెసర్లకు మూడేళ్ల వారంటీ ఉంటుంది, చాలా ర్యామ్‌లకు అంతకంటే ఎక్కువే. వాటి మీది స్టిక్కర్లు మాత్రం చింపకండి.